ఉరుముల వేసవిలో లామార్ నది

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయ వనంలో పారే లామార్ నది ఫ్లై ఫిషింగ్‌కు పేరుపొందింది. ఇందులో గాలపు ముల్లుకు ఈకలు, దారాలు చుట్టి పురుగులా చేస్తారు. ఆ ఎరకు పెద్దగా బరువుండదు. బరువంతా విసిరే తాడుదే.

జూలై, ఆగస్టుల్లో అక్కడ మధ్యాహ్నం దాటాక తరచూ ఉరుముల వానలొస్తాయి. ఎగువ కొండల్లో గట్టి వాన పడితే చాలు, వదులుమట్టి గట్లు కరిగి నది బురదనీరవుతుంది, మనం నిలబడ్డచోట ఎండ కాస్తున్నా సరే! ఇక చేపకు ఎర కనబడదు. తేటపడడానికి ఒక్కోసారి రోజులు పడుతుంది.

అయినా వానను తిట్టుకోనక్కర్లేదు. ఇక్కడ పట్టే ట్రౌట్ చల్లనీటి చేప. నీరు వేడెక్కేకొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది; 20 డిగ్రీల సెల్సియస్ దాటితే చేప నీరసిస్తుంది. మబ్బూ వానా ఆ వేడిని తగ్గిస్తాయి. పైగా ఈదురుగాలికి ఒడ్డుగడ్డిలోని మిడతలు నీళ్లలో పడతాయి. మిడతలా కట్టిన ఎర అప్పుడు బాగా పనిచేస్తుంది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇప్పటి గాలపు కర్రలు ఎక్కువగా కార్బన్‌వి, వాటిగుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. ఉరుము వినబడగానే కర్ర కింద పెట్టి, నీళ్లలోంచి బయటికి వచ్చి, కారులో తలుపులు మూసుకుని కూర్చోండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ నదిలో దిగాలి. చేపలు ఎంత ఎగిరిపడుతున్నా ముందు దిగకండి.