నిపుణవైద్యుడు పల్లెలో నిలుచుటెట్లు?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమునకు విద్యాదానము చేయుచున్న గ్రంథాలయపు పండుగనాడు వైద్యులను గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరినారు. వారికి నా కృతజ్ఞతలు.

ఒక శస్త్రవైద్యుడు తయారగుటకు ఎంతకాలము పట్టును? ఎం.బి.బి.ఎస్. నాలుగున్నరయేండ్లు, ఇంటర్న్‌షిప్పు ఒక యేడు, ఎం.ఎస్. మూడేండ్లు. ప్రవేశపరీక్షలకై చదివిన కాలమును కలిపినచో వయస్సు ముప్పదికి సమీపించును. అప్పుడతని యెదుట మూడు దారులుండును. సొంత నర్సింగుహోమునకు పెట్టుబడి కావలెను. నగరమందలి ప్రైవేటు ఆసుపత్రులలో మొదట కొంత నిశ్చిత వేతనమిచ్చి, పిదప రాబడిలో వాటాగా మార్చు పద్ధతి పలుచోట్ల కలదు. అచ్చట రోగి మేలునకును వైద్యుని ఆదాయమునకును పొత్తు కుదరుట కష్టము. మూడవది ప్రభుత్వోద్యోగము.

చదువు ముగిసినవారు కొంతకాలము ప్రభుత్వాసుపత్రులలో పనిచేయవలెనని పెక్కు రాష్ట్రములు బాండు వ్రాయించుకొన్నవి. అది చెల్లునని సుప్రీంకోర్టు 2019 ఆగస్టులో తీర్పు చెప్పినది. ప్రజాధనముతో చదివినవారు ప్రజల ఋణము తీర్చుట ధర్మమే. కాని బాండు మనిషిని తేగలదు, నిలుపజాలదు.

ఏల నిలువరు? ముప్పది పడకల సామాజిక ఆరోగ్యకేంద్రమున శస్త్రవైద్యుడు, సాధారణ వైద్య నిపుణుడు, ప్రసూతి నిపుణురాలు, శిశువైద్యుడు ఉండవలెను. 2022 నాటి కేంద్రప్రభుత్వపు లెక్కలలో దేశమందలి గ్రామీణ కేంద్రములకు వలసిన ఇట్టి నిపుణులలో ఇంచుమించు ఐదింట నాలుగుపాళ్లు కొరతయే. నలుగురిలో ఒక్కరే వచ్చినచో ఏమగును? ప్రసూతి నిపుణురాలున్నను మత్తువైద్యుడు లేనిచో సిజేరియన్ కాన్పు చేయుట సాధ్యముకాదు. రక్తము నిలువలేనిచో చేసినను ప్రమాదమే. అర్ధరాత్రి గర్భిణిని పట్టణమునకు పంపి, బంధువుల దూషణలు ఆమెయే భరింపవలెను. నేర్చిన విద్య మూలపడుచుండగా, ఏడాది ఒప్పందమును, వేళకందని జీతమును తోడైనచో ఎవరు నిలుతురు?

కావున నిపుణులను ఒంటరిగా గాక జట్టుగా నియమింపవలెను. ఒప్పందపు కొలువులు స్థిరమైన ఉద్యోగములు కావలెను. ఆసుపత్రి చెంతనే నివాసముండవలెను.

మనకును విధి కలదు. వైద్యులపై దౌర్జన్యమును అరికట్టుటకు 2008లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టమే చేయవలసివచ్చినదనిన, సిగ్గుపడవలసినది మనమే. వచ్చిన వైద్యునికి ఇల్లు చూపుట, రాత్రివేళ అండగా నిలుచుట గ్రామస్థుల పని. “మా ఆసుపత్రికి మత్తువైద్యుడేడీ?” అని అధికారులను పదేపదే అడుగుటయు మన పనియే.

అట్లడుగు తెలివిని ఈ పఠనమందిరము మరి ఇరువదియైదేండ్లు మనకు ప్రసాదించుగాక!