బర్మా టేకు కథ



కోస్తా జిల్లాలలోని పాత మండువా యిండ్లను చూచినవారికి "ఇది బర్మా టేకు" అను మాట క్రొత్త గాదు. ద్వారబంధమును అరచేతితో తట్టి ఆ మాట చెప్పుటలో ఇంటి పెద్దలకు ఒక గర్వము. ఆ మ్రాను ఎవరి చేతులమీదుగా వచ్చినదో విచారించినచో ఒక కలప కంపెనీ చరిత్రయు, ఒక రాజ్యము కూలిన వృత్తాంతమును వినవలసి వచ్చును.

ఆ సంస్థ బొంబాయి బర్మా ట్రేడింగ్ కార్పొరేషన్. స్కాట్లండు దేశస్థులగు వాలెస్ సోదరులు బొంబాయిలో వర్తకము చేయుచుండిరి. వారిలో విలియం వాలెస్ బర్మాలో నెలకొల్పిన వ్యాపారమును గైకొనుటకై 1863లో ఈ కంపెనీ ఏర్పడినది. పెత్తనము దొరలదే, వాటాలు కొన్నవారిలో మాత్రము బొంబాయి వర్తకులును గలరు.

టేకు వ్యాపారము ఓపిక గలవారికే గాని త్వరపడువారికి గాదు. పచ్చిటేకు నీటిలో తేలదు. అందుచే ఎన్నుకొన్న చెట్టు మొదట బెరడును, దాని క్రింది లేతకొయ్యను చుట్టును నరికి, నిలువుననే ఎండనిచ్చెడివారు. రెండు మూడేండ్లకు అది తేలికపడును. అప్పుడు పడగొట్టి, దుంగలపై కంపెనీ ముద్రను సుత్తితో కొట్టి, ఏనుగులచే వాగులలోనికి ఈడ్పించెడివారు. పిదప వానకై నిరీక్షణ! వరద వచ్చినచో దుంగలు కదలును. రానిచో మరియొక యేడు ఆ యిసుకలోనే పడియుండును. పెద్దనదిని చేరినవానిని తెప్పలుగట్టి రంగూను రంపపు మిల్లులకు దింపెడివారు. గాటుపడిన నాటినుండి మిల్లు చేరువరకు ఐదారేండ్లు పట్టుటయు కలదు. అంతకాలము సొమ్ము అడవిలో నిలిచియుండవలెను గనుక, చిన్న వర్తకులు ఈ పోటీకి ఆగలేకపోయిరి.

ఏనుగును నడుపువానిని అచ్చట 'ఊజీ' యందురు. పని ముగిసిన పిదప ఏనుగు మెడకు కొయ్యగంట కట్టి మేతకై అడవిలోనికి విడిచెడివారు. తెల్లవారుజామున అడుగుజాడలను, గంటచప్పుడును బట్టి ఎవని ఏనుగును వాడు వెదకి తెచ్చుకొనవలెను. ఎవని గంటను వాడే చెక్కుకొనును. ఒక గంట నాదము మరియొకదానికి రాదు. కంపెనీ లాభనష్టముల పట్టికలో ఈ విద్యకు పద్దు లేదు.

1885లో చిక్కు వచ్చినది. ఎగువ బర్మా అడవులనుండి తెచ్చిన దుంగల లెక్క తక్కువ చూపి, రాజునకు చెందవలసిన పైకమును కంపెనీ ఎగవేసినదని మండలేలోని రాజసభ సుమారు 23 లక్షల రూపాయలు జుల్మానా విధించెను. ఆంగ్ల ప్రభుత్వము కంపెనీ పక్షము వహించెను. అయినను యుద్ధమునకు దుంగలే కారణమనుట సగము మాటయే. ఫ్రెంచివారు మండలేలో కాలూనుదురను భయము దానివెనుక నుండెను. నవంబరులో సేనలు ఐరావతీ నది వెంట ఎగువకు సాగినవి. ఆ నెల ముగియకమునుపే మండలే లొంగినది. 1886 జనవరి 1న ఆ రాజ్యము ఆంగ్ల సామ్రాజ్యమున కలిసెను. తీబా రాజును రత్నగిరికి పంపివేసిరి. ఆయన 1916లో అచ్చటనే మరణించెను. కంపెనీ వ్యాపారము మరింత వర్ధిల్లెను.

టేకు ఇటు వచ్చుచుండగా మనుష్యులు అటు పోవుచుండిరి. కాకినాడ, విశాఖపట్నము, కళింగపట్నము రేవులనుండి తెలుగు కూలీలు రంగూనునకు ఓడలెక్కిరి. కోరంగి రేవు పేరే అచ్చట తెలుగువారందరికి పేరైనది. బియ్యపు మిల్లులలో, రంపపు మిల్లులలో, రేవులో బరువుపని వారిది. మేస్త్రీ యిచ్చిన బయానా కూలిలోనుండి తీరవలెను. తీరునో తీరదో మేస్త్రీ లెక్కకే తెలియును. ద్వారబంధములను తట్టి మురిసిన ఊళ్లలోనే ఆ కూలీల ఇంటివారు ఉత్తరములకై ఎదురుచూచిరి.

1942లో జపానువారు బర్మాను ఆక్రమించగా వేలకొలది భారతీయులు కొండదారుల కాలినడకను వెడలిరి. ఎందరో దారిలోనే రాలిపోయిరి. కంపెనీ ఉద్యోగియగు జె. హెచ్. విలియమ్స్ యుద్ధకాలమున ఏనుగులచే సైన్యమునకు వంతెనలు కట్టించెను. 1950లో ఆ అనుభవములను గ్రంథముగా వెలువరించెను.

1948లో బర్మా స్వతంత్రమైన పిదప అచ్చటి అడవులు కంపెనీ చేయి జారినవి. అది మునిగిపోలేదు. 1913 నాటికే దక్షిణాదిని తేయాకు తోటలలో అడుగుపెట్టియుండుటచే నిలద్రొక్కుకొనగలిగెను. అనంతరము వాడియా కుటుంబమువారి యాజమాన్యములోనికి వచ్చినది. నేటికిని నడచుచున్నది. పేరులోని 'బర్మా' అను మాటను మాత్రము తీసివేయలేదు.