ఎర్రగడ్డలోని ఔషధగుణం



బళేపేట గ్రంథిగె అంగళ్లలో వేరూ బెరడూ కొని కషాయం కాచుకోవడం ఇక్కడి తెలుగు కుటుంబాలకు తరతరాల వాడుక. నేడు మందుల దుకాణాలలో ‘క్వెర్సెటిన్’ మాత్రల సీసాలు కూడ వెలసినవి. పేరు కొత్తదే గాని పదార్థం కొత్తది కాదు. రాయలసీమవారు ఎర్రగడ్డ అని పిలిచే ఉల్లిలో అది సమృద్ధిగా ఉన్నది. ఉల్లి చేసిన మేలు తల్లి కూడ చేయదన్న సామెత ఉండనే ఉన్నది. ఆ మేలు ఎంతటిదో తూచి చూడవలసి ఉన్నది.

క్వెర్సెటిన్ ఫ్లేవనాయిడ్ల కుటుంబానికి చెందిన పసుపు వర్ణద్రవ్యం. ఈ కుటుంబపు రసాయన నిర్మాణాన్ని శోధించిన మహనీయులలో ఆచార్య టి.ఆర్. శేషాద్రి ఒకరు. 1933 నుండి 1949 వరకు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉండి, శిష్యులతో కలసి ప్రత్తిపూల రంగులను పరిశోధించారు. ఆ పూలలోని గాసిపెటిన్ ఈ క్వెర్సెటిన్‌కు దగ్గరి చుట్టమే.

హాలెండులోని జుట్‌ఫెన్ పట్టణంలో 805 మంది వృద్ధులను ఐదేండ్లు గమనించి 1993లో ఫలితాలు ప్రకటించారు. తేనీరు, ఉల్లి, ఆపిలుపండ్ల ద్వారా ఈ పదార్థాలు ఎక్కువగా పుచ్చుకొన్నవారిలో గుండెజబ్బు మరణాలు తక్కువ. ఎంత శుభవార్త! కాని 1997లో వెలువడిన వేల్స్ దేశపు కేర్‌ఫిల్లీ పరిశీలనలో ఆ మేలు కానరాలేదు. అక్కడివారు తేనీటిలో పాలు కలుపుకోవడమే కారణం కావచ్చునని ఒక ఊహ. బెంగుళూరు తేనీరూ అట్టిదే గదా!

గృహిణులకు పనికివచ్చే సంగతి మరొకటి. ఉల్లిలో ఈ ద్రవ్యం వెలుపలి పొరలలోనే అధికం. ఎండుపొట్టుతో పాటు రెండు మంచి పొరలు ఒలిచి పారవేస్తే నష్టమే. ఉడికించినప్పుడు కొంత నీటిలోనికి దిగుతుంది. పులుసులోనైతే అది కడుపులోనికే చేరుతుంది. 1995 నాటి ఒక డచ్చి ప్రయోగంలో ఉల్లిలోని ఈ ద్రవ్యం సుమారు సగం ఒంటబట్టగా, శుద్ధమైన పొడి పావువంతు మాత్రమే పట్టినది.

మాత్రల మాట వేరు. రోజుకు 500 మిల్లీగ్రాములు, అంతకు మించి ఇచ్చిన పరీక్షలలో రక్తపోటు కొద్దిగా తగ్గిన మాట నిజం. అంత మోతాదుకు ఉల్లి కిలోకు పైగా తినవలె. ఆ కొద్దిపాటి తగ్గుదలను నమ్ముకొని, వైద్యుడు వ్రాసిన రక్తపోటు మాత్రను ఇంటి పెద్దలు మానివేస్తే పక్షవాతమే వాకిట నిలువగలదు. రక్తాన్ని పలుచబరచే మందులు వాడేవారు, గర్భిణులు వైద్యుని అడుగక ఈ సీసా మూత తీయరాదు.