తొట్టి లేని హీటరు మన యింటికి తగునా?

ధనుర్మాసపు చలి మొదలయ్యేసరికి ప్రతి యింటిలోను వేణ్ణీళ్ళ ప్రసక్తి వస్తుంది. ఒకప్పుడు పెరటిపొయ్యి మీద కాగులో నీళ్ళు మరుగుతూ ఉండేవి. ముందు లేచినవారు పుల్లలు ఎగదోసేవారు. వెనుక లేచినవారు చెంబుతో తోడుకొనేవారు. ఆ తరువాత నడుమ నిప్పుల గొట్టం గల రాగి బాయిలరు వచ్చినది. ఇప్పుడు గోడకు తగిలించిన గీజరు ఆ రెండింటి స్థానాన్ని ఆక్రమించుకొన్నది. అందులోను నీటిని నిలువచేసే తొట్టి లేకుండా, పారే నీటిని పారుతుండగానే వేడిచేసే హీటరు చాలామందిని ఆకర్షిస్తున్నది. చోటు తక్కువ, ధర తక్కువ, నిరీక్షణ అసలే లేదు. ఇక ఆలోచించవలసిన దేమున్నదని తోచడం సహజం. ఆలోచించవలసినవి మూడున్నాయి: నీటి వేగం, ఇంటి తీగలు, స్నానాలగదిలోని గాలి. మూడవది ప్రాణానికి సంబంధించినది.

మొదట వేగం సంగతి చూద్దాము. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడిచేయడానికి కావలసిన శక్తి ఏ యంత్రానికైనా ఒకటే. 20 లీటర్ల బకెట్టు నీటిని 20 డిగ్రీల సెంటిగ్రేడు నుంచి 40 డిగ్రీలకు తేవడానికి దాదాపు అర యూనిట్టు విద్యుత్తు పడుతుంది. మన యిండ్లలో పెట్టే విద్యుత్ హీటరు సాధారణంగా 3 కిలోవాట్లది. అది ఎంత శ్రమించినా అంత వేడిగల నీటిని నిమిషానికి రెండు లీటర్లకు కొంచెం పైగా మాత్రమే ఇవ్వగలదు. కనుక బకెట్టు నిండడానికి తొమ్మిది నిమిషాలు దాటుతుంది. కుళాయి మరికొంత తిప్పితే ధార పెరుగుతుంది గాని వేడి తగ్గుతుంది. చేతులు కడుగుకొనడానికి, వంటయింటి పనికి, ఒకరిద్దరి స్నానానికి ఇది చాలును. బడికి వెళ్ళే పిల్లలు, కచేరీకి వెళ్ళే పెద్దలు ఒకరి వెనుక ఒకరు నిలిచే ఇంటికి చాలదు. అదే 25 లీటర్ల తొట్టిలో నీరు 60 డిగ్రీల వరకు కాగి ఉంటే, చన్నీళ్ళు కలుపుకొని సుమారు రెండున్నర బకెట్లు వెంటనే అందుతాయి.

తొట్టిలో నిలువ ఉన్న నీటి వేడి వృథా అవుతుంది కదా అనవచ్చును. అమెరికాలో అనేక గృహాలలో 150 లీటర్లకు పైబడిన తొట్టిని రాత్రింబగళ్ళు వేడిగా ఉంచుతారు. అక్కడ ఆ నష్టం గణనీయమే. తొట్టి తీసివేస్తే ఆదా కనబడుతుంది. స్నానానికి అరగంట ముందు మీట నొక్కి, పని కాగానే ఆపివేసే మన ఇండ్లలో ఆ ఆదా స్వల్పము. కాబట్టి ఖర్చు కలిసివస్తుందన్న ఒక్క కారణంతో దీనిని కొనడం తగదు.

ఇక తీగలు. 230 వోల్టుల వద్ద 3 కిలోవాట్ల హీటరు 13 ఆంపియర్ల కరెంటును లాగుతుంది. దీపాలకు వేసిన సన్నని తీగ దీనిని భరించలేదు. వేరుగా లావుపాటి తీగ, 16 ఆంపియర్ల సాకెట్టు, సరియైన ఎర్తు, లీకేజి కలిగితే వెంటనే ఆపివేసే రక్షకసాధనం ఉండవలెను. వోల్టేజి 180కి పడిపోతే హీటరు శక్తి మూడు కిలోవాట్ల నుంచి రెండు కిలోవాట్ల లోపునకు దిగుతుంది. తొట్టి గల గీజరు అప్పుడు ఆలస్యంగానైనా నీరు కాచుతుంది. తొట్టి లేనిది గోరువెచ్చని ధారతో సరిపెడుతుంది. బోరునీరు వాడే చోట సున్నపుపొర పేరుకొని సన్నని గొట్టాలు పూడుకొనిపోయే బాధ కూడా ఉన్నది.

కరెంటు వద్దనుకొన్నవారు గ్యాసు గీజరు వైపు చూస్తారు. వేగంలో అది మేలైనది; మూడు నాలుగు నిమిషాలలో బకెట్టు నింపుతుంది. బకెట్టుకు సుమారు 45 గ్రాముల గ్యాసు పడుతుంది గనుక 14.2 కిలోల సిలిండరు మూడువందల బకెట్లకు వస్తుంది. కాని అది మంట. మంటకు గాలి కావలెను. తలుపు బిగించి, చలికి కిటికీ కూడా మూసిన చిన్నగదిలో ప్రాణవాయువు తగ్గి, గ్యాసు సరిగా మండక, కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. వంటగ్యాసు లీకైతే ముక్కుకు తెలుస్తుంది, ఇది తెలియదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఇది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన బలంతో పట్టుకొంటుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం, ఆపైన స్పృహ తప్పడం. పిలిచే శక్తి కూడా మిగలకపోవచ్చును. ఈ విధంగా స్నానాలగదిలోనే ప్రాణాలు పోయిన సంఘటనలు మన దేశంలో ప్రతి శీతకాలం వినవస్తూనే ఉన్నాయి.

అందుచేత గ్యాసు గీజరును స్నానాలగదిలో ఎన్నడూ బిగించరాదు. గాలి ధారాళంగా ఆడే బయటి వసారాలో పెట్టి, వేడినీటి గొట్టాన్ని మాత్రమే లోపలికి తీసుకొనవలెను. అటువంటి చోటు లేకపోతే ఆ ఆలోచనే మానుకొనడం మంచిది. గీజరు ఇదివరకే లోపల ఉన్నవారు ఈ చలికాలానికే దానిని బయటికి మార్పించవలెను. అంతవరకు దానిని వెలిగించకుండా పొయ్యి మీద నీళ్ళు కాచుకొనవచ్చును.

ఇద్దరే ఉండే ఇల్లయి, తీగలు గట్టివైతే తొట్టి లేని విద్యుత్ హీటరు తగును. నలుగురైదుగురు ఉండే ఇంటికి 25 లీటర్ల తొట్టి గల గీజరు సుఖము. బయట గాలి ఆడే చోటున్న వారికే గ్యాసు. దుకాణానికి వెళ్ళడానికి ముందు బకెట్లు లెక్కించి, మీటరు చూసి, స్నానాలగది కిటికీ వంక ఒకసారి చూడండి. ఏది కొనవలెనో ఆ మూడే చెప్పుతాయి.