వీడియో పాఠమా, ఉపన్యాసమా?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు కదిలించిన గుమాస్తాను. అయినా కార్యదర్శి గారు నాకీ విషయమే ఇచ్చారు. ప్రథమ చికిత్స చేయడం, ఇన్సులిన్ వేసుకోవడం వంటివి సెల్‌ఫోనులో వీడియో చూసి నేర్చుకోవచ్చునా, లేక డాక్టరు గారు వచ్చి ఉపన్యాసం చెబితేనే వస్తాయా అన్నది ప్రశ్న.

మనలో చాలామంది ఇళ్ళలో ఉండేది ఇద్దరే. పిల్లలు బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. అర్ధరాత్రి ఒకరు కుప్పకూలితే లేచి చూడవలసింది రెండవవారే. 108 సర్వీసు మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. గొప్ప సౌకర్యమే. కాని గుండె ఆగిన మనిషికి మెదడు దెబ్బతినడానికి నాలుగైదు నిమిషాలు చాలు. బండి గుమ్మం ముందుకు వచ్చేలోగా అవి గడిచిపోతాయి.

పాతకాలపు ఉపన్యాసమే మేలని మనవారు కొందరంటున్నారు. నేను పూర్తిగా ఒప్పుకోను. రెండువందల మంది కూర్చున్న హాల్లో, మైకు గుయ్యిమంటుంటే, వెనుక వరుసలోని వారికి ఏమి అందుతుంది? (ఇప్పుడు నేను మాట్లాడేదీ ఉపన్యాసమే, వెనుకనున్న వారు నవ్వుతున్నారు.) వీడియోను ఆపవచ్చు, వెనక్కు తిప్పవచ్చు. పదిసార్లు అడిగినా విసుక్కోదు. చెవులు మందగించిన వారు శబ్దం పెంచుకోవచ్చు.

అయితే మనం వీడియోను చూస్తాము గాని, అది మనల్ని చూడదు. రొమ్ము మధ్యలో రెండు చేతులూ వేసి నిమిషానికి 100 నుండి 120 సార్లు, ప్రతిసారీ 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా నొక్కమంటారు. వినడానికి సులువే. మనం నొక్కేది మూడే అయితే ఎవరు చెప్పాలి? వీడియోలో నొక్కేవాడు పాతికేళ్ళ కుర్రవాడు. మన మోకాళ్ళు నేల మీద ఆనతాయా? పడిపోయిన మనిషి మెత్తటి పరుపు మీదో, నులక మంచం మీదో ఉంటే నొక్కిన బలమంతా మంచానికే పోతుంది, గట్టి నేల మీదికి దించాలి. డెబ్బై ఏళ్ళ ఇల్లాలు ఒక్కతే ఎలా దించుతుంది? ఇవన్నీ చేసి చూస్తేనే తెలుస్తాయి.

ఇన్సులిన్ సంగతి ఇంకా ముఖ్యం. మన మందుల షాపుల్లో సీసాలో దొరికేది ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది, దాని సిరంజికి ఎర్ర మూత. అమెరికాలో సాధారణంగా 100 యూనిట్లది, దాని సిరంజికి నారింజ మూత. అబ్బాయి అక్కడినుండి పంపిన వీడియో చూసి, 40 సీసాలోని మందును 100 సిరంజి గీతల ప్రకారం తీస్తే అందేది సగానికన్నా తక్కువ. 100 మందును 40 సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కువై, షుగరు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మీ చేతిలో ఏ సీసా ఉందో వీడియోకు తెలియదు.

తెర మన జిల్లాకు కొత్త కాదు. 2000లోనే అరగొండ అపోలో ఆస్పత్రిలో టెలిమెడిసిన్ మొదలైంది. నిపుణుడు తెరకు అవతల ఉన్నా, రోగి పక్కన వైద్య సిబ్బంది ఉన్నారు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారు కూడా 2005లో గుండె నొక్కే విద్యకు 22 నిమిషాల వీడియో తయారుచేసి, దానితోపాటు గాలి ఊదుకునే బొమ్మను జతచేశారు. చూస్తూనే నొక్కాలి. ఉత్త వీడియో ఒక్కటే ఇచ్చి ఊరుకోలేదు.

కనుక కార్యవర్గానికి నా మనవి. వీడియోను వారం ముందే అందరి ఫోన్లకూ పంపండి. సమావేశం నాడు ఉపన్యాసం పది నిమిషాలకు మించవద్దు. మిగిలిన కాలమంతా బొమ్మలు, ఒక నర్సమ్మ గారు, పదేసి మంది బృందాలు. పెన్షనరు ఒక్కరే వస్తే లాభం లేదు, భార్యాభర్తలిద్దరూ రావాలి. పేర్లు కోశాధికారి గారి వద్ద రాయించండి. వచ్చేటప్పుడు ఎవరి ఇన్సులిన్ సీసా, ఎవరి సిరంజి వారు తెచ్చుకోండి. ఆనాడే మూత రంగు చూపించి సరిచేయించుకోవచ్చు.