కొత్త కంప్యూటరుకి జ్వరమొస్తే

ఇవాళ నేను చెప్పబోయేది మా ఇంట్లో జరిగిన భాగోతం. మా పదకొండేళ్ళ వాడు పుట్టినరోజు డబ్బులూ, తాతయ్య, నానమ్మ వెళ్తూ వెళ్తూ చేతిలో పెట్టిన డబ్బులూ దాచుకుని, “కంప్యూటరు కొనొద్దమ్మా, మనమే అసెంబుల్ చేద్దాం” అన్నాడు. పదిహేనేళ్ళుగా కంప్యూటర్లతోనే బతుకుతున్నదాన్ని, కాదంటానా?

ఒక శనివారం డైనింగ్ టేబుల్ మీద సామానంతా పరుచుకుని కూర్చున్నాం. ప్రాసెసరు మీద పేస్టు వాడు పెట్టాడు, దాని మీద కూలరు నేను బిగించాను. సాయంత్రానికి మానిటరు వెలిగింది. వాడి మొహం అంతకన్నా వెలిగింది.

ఆ సంబరం పది నిమిషాలు కూడా నిలవలేదు. ఆట మొదలుపెట్టగానే ఫ్యాను హోరు, తెర మీద బొమ్మ ఆగి ఆగి కదలడం. చూస్తే ప్రాసెసరు వేడి 100 డిగ్రీలు! “పేస్టు జాగ్రత్తగా పెట్టమంటే ఆటలాడావు, చూడు ఏమయిందో” అని కసిరాను. వాడు మారు మాట్లాడకుండా తన గదిలోకి వెళ్ళిపోయాడు.

వాడి సంగతి కాసేపు అలా ఉంచి, ముందు ఆ 100 డిగ్రీల సంగతి చూద్దాం. ఇది సెల్సియస్ లెక్క. అమెరికాలో పెరిగే మన పిల్లలు ఫారెన్‌హీట్ అనుకుని తేలిగ్గా తీసుకుంటారు గానీ, ఇది నీళ్ళు మరిగే వేడి. అయినా కంగారు పడక్కర్లేదు. ఇప్పటి ప్రాసెసర్లు హద్దుకి చేరగానే తమ వేగం తామే తగ్గించుకుంటాయి. ఇంకా మితిమీరితే కంప్యూటరు దానంతటదే ఆగిపోతుంది. 2022లో వచ్చిన ఏఎండీ రైజెన్ 7000 వరసలో పై రకాలు భారీ పని పడితే 95 డిగ్రీల దాకా వెళ్ళేలాగే తయారయ్యాయి. ఇంటెల్ 12, 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100. కాబట్టి అంకె ఒక్కటే చూస్తే చాలదు, ఎంతసేపట్లో ఎక్కిందో చూడాలి. జ్వరమని వెళ్తే “ఎప్పటినుంచి?” అని డాక్టరు అడుగుతారు చూడండి, అలాగన్నమాట.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రాము ఒకటి పెట్టుకోండి. కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడు ఐదు నిమిషాలు చూసి, తర్వాత బరువైన పని ఇచ్చి చూడండి.

ఖాళీగా ఉన్నా 60, 70 దగ్గర తిరుగుతూ, పని ఇచ్చిన రెండు మూడు సెకన్లలోనే హద్దుకి చేరి, వేగం పడిపోతోందా? అయితే వేడి ప్రాసెసరు నుంచి కూలరులోకి సరిగ్గా వెళ్ళడం లేదు. ముందు ఫ్యాను తిరుగుతోందా, దాని వైరు మదర్‌బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్నచోటే పెట్టామా చూడండి. నీళ్ళతో పనిచేసే కూలరయితే పంపు కూడా చూడాలి. అవి బాగుంటే కూలరు ఊడదీసి, అడుగు ఎలా ఆనిందో చూడాల్సిందే.

అలా కాక, మొదట్లో బాగానే ఉండి, పావుగంటలో, ఇరవై నిమిషాల్లో మెల్లమెల్లగా ఎక్కుతోందా? అది క్యాబినెట్‌లో గాలి ఆడకపోవడం. పక్క రేకు తీసి మళ్ళీ చూడండి, వేడి బాగా తగ్గితే జబ్బు దొరికినట్టే. వీధి తలుపూ పెరటి తలుపూ తెరిస్తే ఇంట్లో గాలి ఆడినట్టు, ముందునుంచి లోపలికీ, వెనకనుంచి బయటికీ గాలి పోవాలి. ఫ్యాను ఒకటి తిరగేసి బిగించామేమో చూసుకోండి. ఒక్క మాట, ఏ ఫ్యానూ ప్రాసెసరుని గదికన్నా చల్లబరచలేదు. ఇక్కడ 22 డిగ్రీల గదిలో కనబడిన అంకె, ఎండాకాలం విజయవాడలో 40 డిగ్రీల గదిలో దాదాపు 18 ఎక్కువ కనబడుతుంది. అమ్మానాన్నల కోసం తయారుచేసి పంపేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

ఇక ఖాళీగా ఉన్నప్పుడూ, ఆటల్లోనూ బాగానే ఉండి, పరీక్ష ప్రోగ్రాముల్లో మాత్రమే హద్దుకి వెళ్తోందంటే తప్పు బిగింపుది కాకపోవచ్చు. కొన్ని మదర్‌బోర్డులు ప్రాసెసరుకి ఇచ్చే కరెంటు మీద పరిమితులు ఎత్తేసి వస్తాయి. బయాస్‌లోకి వెళ్ళి ప్రాసెసరు కంపెనీ చెప్పిన పరిమితి పెడితే సరిపోతుంది. రైజెన్‌కయితే ఎకో మోడ్ ఉంటుంది. వేడి చాలా తగ్గుతుంది, వేగం తగ్గేది కొంచెమే. ఇంటెల్ 13, 14 తరాలవి వాడేవాళ్ళు కొత్త బయాస్ తప్పక వేసుకోండి. వాటిలో వచ్చిన సమస్యకి 2024లో దిద్దుబాట్లు వచ్చాయి.

మాది మొదటి రకం. ఫ్యాను శుభ్రంగా తిరుగుతోంది. ఆ రాత్రే వాణ్ణి పిలిచి టార్చిలైటు పట్టుకోమన్నాను. కరెంటు వైరు తీసేసి, కూలరు వెచ్చగా ఉండగానే అటూ ఇటూ కాస్త తిప్పి పైకి తీశాను. ఒక్కసారిగా పైకి లాగితే, కొన్నిటిలో ప్రాసెసరు కూడా దాంతోపాటే ఊడివస్తుంది.

అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర! బిగించేముందు తీసెయ్యమని దాని మీదే రాసి ఉంది. దాని కింద వాడు పెట్టిన పేస్టు చక్కగా పరుచుకుని ఉంది. “అమ్మా, ఇది తియ్యాలి కదా?” అన్నాడు. కూలరు బిగించింది నేను. ఏం చెప్పను? “తప్పు నాది నాన్నా, ఊరికే నిన్ను తిట్టాను” అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, “అయితే ఈసారి పేస్టు నువ్వు పెట్టు, నేను బిగిస్తాను” అన్నాడు.

అలాగే చేశాం. పొర పీకేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో పాత పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్త పేస్టు పెట్టాను. కారు చక్రానికి బిగించినట్టు, ఎదురెదురు మూలల స్క్రూలు కొంచెం కొంచెంగా తిప్పుతూ వాడు బిగించాడు. ఖాళీగా 38, ఆటలో 70 దాటలేదు.

కాబట్టి, మీ ఇంట్లో కొత్త కంప్యూటరు వేడెక్కితే, ఎవరిది తప్పని ముందే అడక్కండి. ఎంతసేపట్లో ఎక్కిందని అడగండి.