పిల్లలమర్రికి సెలైన్ పెట్టారు



మనిషి నీరసించిపోతే ఆసుపత్రిలో సెలైన్ పెడతారు. మరి చెట్టుకు సెలైన్ పెట్టడం ఎక్కడన్నా విన్నారా? పాలమూరులో పెట్టారు. 2018లో. ఒకటి రెండు సీసాలు కాదు, వందల సీసాలు.

పాలమూరు అంటే మహబూబ్‌నగర్. ఆ ఊరికి సుమారు 4 కిలోమీటర్ల దూరంలో ఒక మర్రిచెట్టు ఉంది. పేరు పిల్లలమర్రి. వయసు 700 ఏళ్ళు ఉంటుందని చెబుతారు. సుమారు 3 ఎకరాల నేల మీద పరుచుకుంది. దూరం నుంచి చూస్తే ఒక్క చెట్టులా ఉండదు, పచ్చని గుట్టలా ఉంటుంది. దగ్గరికి పోతే పెద్ద గొడుగు. వెయ్యి మంది దాని నీడన కూర్చోవచ్చంటారు. ఒక ముస్లిం సాధువు గోరీ కూడా అక్కడే ఉంది. పాలమూరు పేరు చెబితే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఈ చెట్టే.

పిల్లలమర్రి అన్న పేరు ఊరికే రాలేదు. మర్రికొమ్మల నుంచి ఊడలు దిగుతాయి కదా! మొదట అవి జడపాయల్లా సన్నగా గాలికి ఊగుతుంటాయి. నేలను తాకితే వేరు పట్టుకుంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ లావెక్కి మానులైపోతాయి. అప్పుడు కొమ్మ బరువు అవే మోస్తాయి. తల్లి మోసిన పిల్లలే తల్లిని మోసినట్టు! ఇప్పుడు పిల్లలమర్రిలో తల్లి మాను ఏదో, పిల్ల మాను ఏదో చెప్పడం కష్టం.

ఇంత పెద్ద చెట్టుకు రోగం ఎట్లా వచ్చింది?

చూడడానికి వచ్చినవాళ్ళు కొమ్మలెక్కారు. ఊడలు పట్టుకుని ఊగారు. మాను మీద పేర్లు చెక్కారు. పేరు చెక్కాలంటే అక్షరం రావాలి గదా! ఆ పని చేసింది చదువుకున్నవాళ్ళే. బెరడు చెట్టుకు తోలు లాంటిది. తోలు తెగితే పురుగు లోపలికి పోవడం సులువు.

చెదలు పట్టాయి. పైకి ఆకులు పచ్చగానే ఉన్నా లోపల కొయ్య డొల్ల అవుతూ వచ్చింది. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగి పడింది. అప్పుడు గానీ అందరికీ భయం పుట్టలేదు. జనాన్ని లోపలికి రానివ్వడం ఆపేశారు.

అటవీశాఖవాళ్ళు వైద్యం మొదలుపెట్టారు. ముందు మానుకున్న రంధ్రాల్లో చెదల మందు పోశారు. పోసింది పోసినట్టే బయటికి కారిపోయింది. అప్పుడు సెలైన్ ఆలోచన వచ్చింది. మందును నీళ్ళలో పలుచన చేసి సీసాల్లో నింపారు. సీసాలను కొమ్మలకు వేలాడగట్టారు. సన్నని గొట్టం చివర సూదిని మానులో గుచ్చారు. చుక్క... చుక్క... మందు కొయ్యలోకి ఇంకింది. రెండేసి మీటర్లకు ఒక సీసా చొప్పున పెట్టారు. వేళ్ళ దగ్గర కూడా మందునీళ్ళు పోశారు. వాలిపోయిన కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు కట్టారు, కాలు విరిగినవాళ్ళకు చంకకర్ర ఇచ్చినట్టు.

కానీ సిమెంటు దిమ్మె పెరగదు. ఊడ పెరుగుతుంది. అందుకే లేత ఊడలను పైపుల్లోకి వదిలారు. పైపుల్లో మట్టి, ఎరువు నింపారు. పశువులు కొరక్కుండా, మనుషులు పట్టుకుని ఊగకుండా, ఊడ ఆ పైపులో నుంచి మెల్లగా నేలకు దిగుతుంది.